గాలి లేని చక్రం

"అక్కా, బాపు పోయిండు."

మొన్న బుధవారం పొద్దున్నే జమ్మికుంట నుంచి వచ్చిన తమ్ముడు, మా కాక కొడుకు, చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడి ఈ మాట చెప్పాడు. పోయింది మా కాక. మా బాపుకు సొంత తమ్ముడు. పుట్టింటి వైపు నాకు పెద్దదిక్కుగా మిగిలింది ఆయనొక్కడే.

చావింట్లో ఒక పెద్దమనిషి, "పాపం, గా సైకిల్ పందెంల ఓడిపోయినాయన గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన సంగతి ఆ ఒక్క ముక్కతో తేల్చేస్తే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

కాక గుంటలో కూర్చొని కాళ్లాడిస్తూ మగ్గం నేసేవాడు. నేసిన తువ్వాళ్లు సైకిల్ వెనక కట్టుకొని అంగళ్లకు తిరిగేవాడు. లేవగానే, మొహమైనా కడుక్కోకముందే, రెండు చక్రాలనూ బొటనవేలితో నొక్కి చూడాలి. కాస్త మెత్తగా తగిలితే పంపు అందుకోవాలి. మగ్గం మీద పడుగు నూలు ఎంత బిగువుగా ఉండాలో చక్రమూ అంత బిగువుగా ఉండాలని ఆయన పట్టు. "సడలిందా, ఇగ పని చెడ్డట్టే" అనేవాడు.

పదేళ్ల కిందట, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా సైకిల్ పందెం పెట్టారు. నడి ఎండాకాలం. రెండో రోజు పొద్దుగూకే లోపు చేరాలి. పేర్లు రాసుకునే ఆయన కాకను ఎగాదిగా చూసి, "మగ్గం గుంటల కూసునే కాళ్లు ఆదిలాబాద్ దాకా ఆడుతయా?" అని నవ్వాడట.

"ఇరవై ఏండ్ల సంది ఆడుతనే ఉన్నయి సారూ. ఒక్క అడుగు ముందుకు పోలే. గీసారి పోనియ్యుండ్రి" అన్నాడట కాక.

అప్పుడు నేను ఆ పందెం దారిలోనే ఉన్న లక్సెట్టిపేటకు కొత్తగా కాపురానికి వచ్చాను. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం, చెంబునిండా అంబలి పట్టుకొని రోడ్డు మీద నిలబడ్డాను. కాక ఎండిన గోదావరిలో సైకిల్ భుజాన వేసుకొని ఇసుక దాటి వచ్చాడు. పాదాలు బొబ్బలెక్కాయి. అంబలి తాగీ తాగగానే చక్రాలు నొక్కి చూశాడు.

"ఎండ మస్తుగున్నది. ముందు పోయినోళ్లంత జర గాలి తగ్గించుకున్నరు, నువ్వు గూడ తియ్యి" అన్నాడు రోడ్డు పక్క సైకిల్ షాపాయన.

"సడలిస్తే పోగే తెగుతది. గిది తెగదా?" అంటూ కాక ఇంకో నాలుగుసార్లు పంపు కొట్టాడు. నేతగాడి బుద్ధి! మగ్గం దగ్గర చెల్లే మాట కాలుతున్న రోడ్డు మీద చెల్లలేదు. వంద గజాలు పోయాడో లేదో వెనక చక్రం ఢామ్మని పేలింది. ట్యూబు పీలికలైంది. షాపులో ఆ కొలత ట్యూబు లేదు.

"ఇగ బస్సెక్కి ఇంటికి పో తమ్మీ" అంది మా అత్త.

కాక సైకిల్‌ను మా ఇంట్లోకి నడిపించుకొచ్చాడు. మా మగ్గం పక్కన పడున్న చిక్కు నూలును చూశాడు. పడుగుకు పట్టించడానికి కాచిన గంజి కుండను చూశాడు.

"బిడ్డా, గా గంజి ఇటు తే."

"అయ్యో, పడుగు గంజి!" అంది అత్త.

"గిది గూడ పడుగే అక్కా."

నూలును గంజిలో ముంచి, పిండి, టైరులోకి కూరుతూ పోయాడు. నేను పక్కన కూర్చొని చిక్కులు తీసి అందించాను. అది ఎండి కట్టెలా బిగిసేసరికి పొద్దు వాలింది.

"కాకా, ఇగ టైముకు అందవు" అన్నాను.

"అందను. గాలి తీయమంటే తియ్యకపోతిని, తప్పు నాదే. గని నేను చేరకుంటే గా సారు నవ్వు నిజమైతది."

తర్వాతి సంగతి ఆయన నోటనే విన్నాను. అడవి దారిలో ప్రతి గుంతా నడుముకు తగిలిందట. ఉట్నూరు దగ్గర వడదెబ్బ తగిలి ఒక పూటంతా పడిపోయాడట. ఆదిలాబాద్ చేరేసరికి మూడో రోజు మధ్యాహ్నమైంది. డేరా లేదు, జనం లేరు. పందెం ముగిసే చోట పాతిన రెండు కట్టెల్లో ఒకదాన్ని ఆఫీసు జవాను పీకుతున్నాడు.

"ఖేల్ ఖతమైంది దాదా" అన్నాడు జవాను.

"మీది ఖతమైంది. నాది గీ రెండు కట్టెల నడుమ ఉన్నది. జర ఆగు."

జవాను ఏమనుకున్నాడో, పీకిన కట్టెను మళ్లీ గుంతలో నిలబెట్టి చేత్తో పట్టుకున్నాడట. కాక ఆ రెంటి నడుమ నుంచి తొక్కుకుంటూ పోయాడు.

బహుమతి లేదు, ఎక్కడా పేరు రాయలేదు. ఊళ్లో ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఓడిపోయిన. ఆగిపోలే" అనేవాడు, అంతే. నా మగడు జబ్బుపడి నేను మగ్గం గుంటలోకి దిగినప్పుడు, ఆడది మగ్గం నేస్తుందా అని వాడకట్టంతా నవ్వింది. కాక బస్సు దిగి నేరుగా మగ్గం దగ్గరికే వచ్చాడు. "నవ్వనియ్యి బిడ్డా, నువ్వు కాళ్లాడియ్యి" అన్నాడు. ఆ ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ మాట వల్లే.

అంగళ్లకు తిరగడానికి వేరే చక్రం బిగించుకున్నాడు గానీ ఆ గంజి చక్రాన్ని విప్పలేదు. మగ్గం పక్కన మేకుకు తగిలించాడు. రోజూ పొద్దున దాన్నీ నొక్కి చూసేవాడు.

"దాంట్ల గాలే లేదు గదా కాకా, ఏం సూస్తవ్?" అని ఒకసారి నవ్వాను.

"సడలిందేమో అని."

బుధవారం ఆయనను కాటికి తీసుకెళ్లాక ఆయన మగ్గం దగ్గరికి వెళ్లాను. చక్రం మేకుకే ఉంది. మొహం కడుక్కోలేదు, కళ్లయినా తుడుచుకోలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కాను.

సడలలేదు.