ఎక్కడికని అడగని మధ్యాహ్నం

ఆ చెక్క క్యాబిన్ తలుపు పక్కన మేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతుండేది. దానికి దారంతో కట్టిన పెన్సిలు. పేజీకి నాలుగు గడులు: పేరు, బయల్దేరిన టైము, ఎక్కడికి, ఎప్పటికి తిరిగొస్తారు. శని, ఆదివారాలు ఆ పుస్తకం నా బాధ్యత. స్కీలు తొడుక్కుని తలుపు దాటే ప్రతి మనిషినీ నేను అడగాలి, రాయాలి. మా స్కీయింగ్ కోర్సు మొత్తంలో అంతకంటే తేలికైన పని లేదు. చెడగొట్టడానికి నాకు అదే దొరికింది.

ఎనభైల చివర, కాన్‌బెర్రాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసేవాణ్ణి. స్నోయీ పర్వతాలు కారులో మూడు గంటల దూరం. గోదావరి గట్టు మీద పుట్టినవాడికి ఈ మంచు పిచ్చేమిట్రా అని మా అన్నయ్య ఉత్తరాల్లో ఎగతాళి చేసేవాడు. నాకూ తెలీదు. మొదటి ఏడు విద్యార్థిగా వెళ్ళాను, రెండో ఏడు సహాయకుడిగా. మూడో ఏడు, శిక్షకుడి సర్టిఫికెట్ పరీక్షకి కూర్చున్నాను. ఆఫీసులో నన్ను నాలుగేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక్కడైనా ఒక మెట్టు ఎక్కాలని పంతం పట్టాను.

మేం నేర్పేది లిఫ్టులెక్కి జారడం కాదు. స్కీల మీద సొంత కాళ్ళతో కొండెక్కి దిగడం, మంచులో గొయ్యి తవ్వి ఏ పొర గట్టిదో ఏది గుల్లదో చూడటం, చరియ విరిగి మీద పడితే కింద కూరుకుపోయిన మనిషిని వెతకడం. అందుకు ఛాతీకి కట్టుకునే బీకన్ అనే చిన్న పెట్టె ఉండేది. ఒకరి పెట్టె పంపే సంకేతం ఇంకొకరి పెట్టెలో బీప్ బీప్ మని వినిపిస్తుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ మోత పెరుగుతుంది. ఆ తర్వాత పొడవాటి కడ్డీతో గుచ్చి చూడాలి, పారతో తవ్వాలి. ఆస్ట్రేలియాలో మంచు చరియలేమిటని నవ్వేవాళ్ళు చాలామంది. మా ప్రధాన శిక్షకురాలు మాత్రం నవ్వేది కాదు. యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. మొదటి రోజు క్లాసులో పారలూ పెట్టెలూ పక్కకి నెట్టేసి, ఆ నోటుబుక్కు పైకెత్తి చూపించేది. "ముందు ఇది. ఎటు వెళ్ళాడో తెలియని మనిషిని ఏ యంత్రమూ వెతికి పెట్టదు" అనేది.

మా వ్యాన్ డ్రైవరు ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. అరవైకి దగ్గరపడిన మనిషి. తాత ముత్తాతలు చెరకు తోటలకు ఓడలో వెళ్ళినవాళ్ళు. అక్కడ సైన్యం గద్దెనెక్కాక భార్యతో సహా ఇక్కడికి వచ్చేశాడు. అక్కడ చెరకు లారీ తోలిన చేతులు. ఐసు పట్టిన ఘాట్ రోడ్డులో టైర్లకు గొలుసులు బిగించడం ఆయన ఒక్క వారంలో నేర్చుకున్నాడు. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. ఆ డ్రైవరు పని ఇప్పించింది నేనే. కాన్‌బెర్రాలో ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చుని, "మీది ఏ జిల్లా బాబూ" అని అడిగాడు. తన జిల్లా ఏదో ఆయనకే తెలీదు. అందుకని అందరి జిల్లాలూ అడిగి తెలుసుకునేవాడు. ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి.

అంకుల్‌కి స్కీయింగ్ మీద మనసు పడింది. మేం పాఠాలు చెప్పుకుంటుంటే పాత స్కీలు అరువు తెచ్చుకుని క్యాబిన్ ముందు పడుతూ లేస్తూ ఉండేవాడు. నా పరీక్ష జరిగిన ఆ శనివారం పొద్దున కూడా అంతే. మలుపు తిరగబోయి వెల్లకిలా పడ్డాడు. విద్యార్థులు చూస్తున్నారు. నాకు అందరి ముందూ హుషారు చూపించాలన్న యావ. "అంకుల్, మీ చెరకు లారీ కూడా ఇంతకంటే తక్కువ చోట్లో తిరిగేది" అని ఇంగ్లీషులో, గట్టిగా అన్నాను. అందరూ నవ్వారు. అంకుల్ కూడా నవ్వి, మంచు దులుపుకున్నాడు. ఆ నవ్వులో తేడా నేను గమనించాను. గమనించి కూడా ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి విద్యార్థులు సూపు తాగుతున్నారు. నేను తలుపు దగ్గర బల్ల మీద మంచు పొరల బొమ్మ గీసుకుంటున్నాను. మూడింటికి శిక్షకురాలి ముందు ఆ పాఠం నేను చెప్పాలి. అంకుల్ కోటు వేసుకుని, స్కీలు చంకన పెట్టుకుని వచ్చాడు. "పొయ్యొస్తా బాబూ" అన్నాడు.

నేను పెన్సిలు అందుకున్నాను. పేరు రాశాను. టైము రాశాను. నోరు తెరిచాను, మాట రాలేదు.

మా ఇంట్లో గడప దాటే మనిషిని ఎక్కడికని అడగటం మహాపరాధం. నాన్న చేతిసంచీ పట్టుకుని బయల్దేరాక మాలో ఎవరైనా నోరు జారితే, ఆయన గిరుక్కున వెనక్కి తిరిగొచ్చి, మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మమ్మల్ని నాలుగు తిట్టి, మళ్ళీ బయల్దేరేవాడు. వెళ్ళిన పని చెడితే ఆ పాపం అడిగినవాడిదే. తప్పనిసరైతే "దూరమా" అనేవాళ్ళం, అదీ భయం భయంగా. విద్యార్థులతో నాకు ఎప్పుడూ ఈ ఇబ్బంది రాలేదు. వాళ్ళని ఇంగ్లీషులో అడిగేవాణ్ణి, ఆ భాషలో అడిగితే ఎవరికీ కీడు జరుగుతుందనిపించేది కాదు. నా తండ్రి వయసున్న అంకుల్ తెలుగులో వెళ్ళొస్తానని చెప్పి గడప మీద నిలబడ్డాడు. నా నాలుక తిరగలేదు. "మంచిది అంకుల్" అన్నాను. ఆయన ఒక క్షణం నన్ను చూసి, తలూపి వెళ్ళిపోయాడు.

ఇదంతా ఆచారం మీదికి నెట్టేస్తే నాకు హాయిగా ఉంటుంది. కానీ పొద్దున ఎగతాళి చేసిన మొహంతో ఆయన కళ్ళలోకి చూడటం కూడా నాకు కష్టంగా ఉండింది. పొరల బొమ్మ ఇంకా పూర్తి కాలేదన్న తొందరా ఉంది. ఇందులో ఏది ఎంతో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

మూడింటికి మబ్బు కొండ మీదికి దిగింది. నా పాఠం బాగానే జరిగింది. నాలుగింటికి గొయ్యి పూడ్చి క్యాబిన్‌కి వస్తే అంకుల్ స్కీలు లేవు. శిక్షకురాలు పుస్తకం తీసి చూసింది. పేరుంది, టైముంది, తర్వాతి రెండు గడులూ ఖాళీ.

"ఎటు వెళ్ళాడు?"

"చెప్పలేదు" అన్నాను.

"నువ్వు అడిగావా?"

ఆవిడ చేతిలో నా పరీక్ష కాగితాలున్నాయి. "అడిగాను. ఆయన చెప్పలేదు" అన్నాను. అంత గబగబా అబద్ధం చెప్పగలనని నాకు అంతవరకూ తెలీదు. ఆవిడ వెంటనే పని మీద పడింది. ఎటు వెళ్ళి ఉంటాడనుకుంటున్నావని అడిగితే, వ్యాన్ గొలుసులు చూసుకోవడానికి రోడ్డు వైపు వెళ్ళి ఉండొచ్చని చెప్పాను. అది నా ఊహ మాత్రమే. ఏదో ఒకటి చెప్పకపోతే నా మాట అనుమానంగా వినిపిస్తుందేమోనన్న బెదురుతో చెప్పాను.

పదకొండు మందిమి వాగు వెంబడి రోడ్డు వైపు వెళ్ళాం. అందరి ఛాతీల మీదా బీకన్లున్నాయి, వీపుల మీద పారలున్నాయి. డ్రైవరు కదా అని అంకుల్‌కి మాత్రం బీకన్ ఇవ్వలేదు. రెండు గంటలు పిలుస్తూ తిరిగాం. వ్యాన్ దగ్గర అడుగుజాడ కూడా లేదు. చీకటి పడుతుండగా వెనక్కి వచ్చి, క్యాబిన్ వెనకున్న చిన్న మిట్ట ఎక్కితే, ఒక విద్యార్థినికి టక్ టక్ మని చప్పుడు వినిపించింది. అంకుల్ స్కీ కర్రతో స్కీని కొడుతున్నాడు. మిట్టకి అవతలి పల్లంలో, క్యాబిన్‌కి పది నిమిషాల దూరంలో, మోకాలు విరిగి పడి ఉన్నాడు. అక్కడ మంచు మీద ఆయన తిరిగిన మలుపుల గీతలు వరసగా కనిపించాయి. ఎవరి కంటా పడకుండా నేర్చుకుందామని అంత చాటుకి వెళ్ళాడు.

పెదాలు నల్లబడ్డాయి, మాట ముద్దగా వస్తోంది. మంచు మీద లాక్కెళ్ళే స్లెడ్ మీద పడుకోబెట్టి, స్లీపింగ్ బ్యాగులో చుట్టి, పట్టీలు బిగించాం. శిక్షకురాలు ఆయన మొహం మీదికి వంగి, "బయల్దేరేటప్పుడు ఇతను నిన్ను ఎక్కడికని అడిగాడా?" అంది. అంకుల్ తల తిప్పి నా వైపు చూశాడు. నేను పట్టీ సర్దుతున్నట్టు నటించాను.

"అడిగాడు. నేనే చెప్పలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. కాలు పైకి వేలాడదీసి ఉంది. ఆంటీ టీ కోసం కిందకి వెళ్ళాక అంకుల్ నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు నోరు తెరిచినావు, మళ్ళీ మూసినావు. నేను చూసినా."

"అంకుల్, నేను ఆ రోజు..."

"మా అమ్మ అట్లే. మా నాయన మిల్లుకి పోతాంటే వాకిట్లో నిలబడేది, అడిగేది కాదు. అమ్మ పోయినంక మా ఇంట్లో అది ఎవరికీ తెల్వదు. మీ ఆంటీ కూడా ఎక్కడికని అడుగుద్ది, హిందీలో, కహాఁ జాతా అని." ఆయన నవ్వాడు. "నువ్వు అడగకపోతే నాకు సంతోషమయింది బాబూ. మా ఇంట్లోంచి బయలెల్లినట్టు ఉండింది."

ఆయన తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. శిక్షకురాలితో నిజం చెప్పేస్తానన్నాను. "నీ పరీక్ష?" అన్నాడు. మళ్ళీ తనే, "ఉండనీ" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. ఆ తేలికపడటం తల్చుకుంటే నాకిప్పటికీ నా మీద అసహ్యం వేస్తుంది.

నేను పాసయ్యాను. మరుసటి చలికాలానికి అంకుల్ కాలు బండి తోలేంతగా కుదిరింది. కుంటు మాత్రం మిగిలింది. మళ్ళీ వ్యాన్ తోలతానని శిక్షకురాలికి ఫోన్ చేశాడు. కుదరదని చెప్పేసింది. కాలు వల్ల కాదు. "అడిగినా చెప్పనివాణ్ణి కొండ మీదికి తీసుకెళ్ళలేను, అతనెంత మంచివాడైనా" అని నాతో కూడా అంది. నిజమే కదా అన్నట్టు నేను తలూపాను. ఒక్క మాట అంటే అంకుల్ మళ్ళీ ఆ ఘాట్ రోడ్డెక్కేవాడు. నా సర్టిఫికెట్ మాత్రం పోయేది.

అంతటితో ఆగినా కొంత నయం. ఆ తర్వాత మూడు చలికాలాలు, మొదటి రోజు క్లాసులో ఆ నోటుబుక్కు పైకెత్తి చూపించే పని నాకు అప్పగించారు. నేను అంకుల్ కథే చెప్పేవాణ్ణి. ఒక పెద్దాయన, అడిగినా చెప్పలేదు, పది నిమిషాల దూరంలో నాలుగు గంటలు మంచులో పడి ఉన్నాడు. కథ బాగా పనిచేసేది, అందరూ నిశ్శబ్దంగా వినేవారు. ఒకసారి ఒకమ్మాయి, ఎందుకు చెప్పలేదు అని అడిగింది. "మొండిమనిషి" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆంటీ ఎన్నాళ్ళుగానో భోజనానికి రమ్మంటోంది. ఈసారి వెళ్ళి, నిజం ఆవిడ ముందు చెప్పేయాలని, ఆ తర్వాత శిక్షకురాలికీ చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో ముగ్గురమే. చేపల కూర, అన్నం, పప్పు. బల్ల కింద అంకుల్ కాలు చాపుకుని కూర్చున్నాడు. పూర్తిగా వంగదు కాబట్టి అలాగే కూర్చోవాలి. మాట ఎలా మొదలుపెట్టాలా అని నేను వెతుక్కుంటుంటే ఆంటీయే మొదలుపెట్టింది.

"ఈయనకి ఇప్పుడు పనీ లేదు, పాటా లేదు. దినమంతా కిటికీ దగ్గిరే. నేను రోజూ తిడతా. పిల్లోడు అడిగినాడంట గదా, నోరు తెరిచి చెప్తే ఏమైపోతాది? నాలుగేండ్ల నించి ఇదే అడుగుతాన్నా, జవాబు లేదు." నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. "నువ్వు చెప్పు బాబూ. నువ్వు అడిగినావు గదా?"

అంకుల్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూశాడు.

"చెప్పు బాబూ" అన్నాడు మెల్లగా.

నేను చేప ముల్లు తీస్తున్నాను. అది తీయడం అయిపోయింది. ఇక చూడటానికి ఆంటీ మొహం ఒక్కటే మిగిలింది.

"అడిగాను ఆంటీ" అన్నాను.

ఆవిడ అంకుల్ వైపు తిరిగి, చూశావా అన్నట్టు చెయ్యి తిప్పింది. ఆయన సగం అన్నం కంచంలో ఉండగానే లేచి, కాలు ఈడ్చుకుంటూ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.