వరి కుచ్చు అల్లిన ఎండాకాలం

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. ఎందుకు అర్థం కాలేదో తెలుసుకుందామని రెండోసారి కూర్చున్నాను. అదీ అర్థం కాలేదు. మూడోసారి కూర్చుంటే కొత్తగా వచ్చిన సారు నన్నే పెద్దసారు అనుకుని నమస్తే పెడతాడేమోనని బయటికి వచ్చేశాను. అప్పటి నుంచి బాన్సువాడ, బీర్కూర్ మధ్య ఆటో నడుపుతున్నాను. ఆటోకు డీజిల్ ఎలాగో నాకు మాటలు అలాగ. ముగ్గురు ఎక్కాక ఇంకో నలుగురు వచ్చేదాకా ఆ ముగ్గురినీ దిగిపోకుండా కూర్చోబెట్టాలి. అది పూర్తిగా నోటితో చేసే పని.

మొన్నటి ఎండాకాలం, బడికి సెలవులిచ్చిన మరునాడు, ఇంటి ముందు ఆటో కడుగుతున్నాను. మూడో తరగతి పూర్తయిన నా బిడ్డ, పక్కింటి పిల్లతో అరుగు మీద ఆడుకుంటోంది. పక్కింటాయన వడ్రంగి. కూతురికి చెక్కతో బుల్లి బండి చేసిచ్చాడు, చక్రాలు తిరిగే బండి. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ నడిపిస్తూ, "మీ డాడీకి ఏం జేయొస్తదే?" అని అడిగింది.

నా బిడ్డ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా డాడీకి ముచ్చట చెప్పుడు తప్ప ఏం రాదు."

చులకనగా అనలేదు. బయట ఎండ కొడుతోంది అన్నంత మామూలుగా అంది. అందుకే గట్టిగా తగిలింది. కోపంతో అన్న మాటైతే సాయంత్రానికి కరిగిపోయేది. ఇది పిల్ల మనసులో ఎప్పుడో స్థిరపడిపోయిన సంగతి. బడి తెరిచేలోగా ఈ మాట నా బిడ్డ నోటితోనే మార్పించాలని ఆ బకెట్టు ముందు నిలబడే ఒట్టు పెట్టుకున్నాను.

మొదట పతంగి చేశాం. పాత పేపరు, చీపురు పుల్లలు, అన్నం మెతుకుల జిగురు. బిడ్డ దారం పట్టుకుని సందు ఈ చివర నుంచి ఆ చివరికి మూడుసార్లు పరుగెత్తింది. పతంగి నేల విడవలేదు. సందు మాత్రం శుభ్రంగా ఊడ్చినట్టయింది. తర్వాత అరిగిపోయిన చెప్పులు కోసి చక్రాల బండి చేద్దామన్నాను. మూడు చక్రాలు బాగానే వచ్చాయి. నాలుగోది నా భార్య కొత్త చెప్పులోంచి వచ్చింది. ఆ సంగతి ఆమె పెళ్లికి బయలుదేరబోతూ కనుక్కుంది. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయను.

ఇదంతా మా బాపు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. బాపు అంటే మా నాన్న. బీర్కూర్ మళ్లలో నలభై ఏళ్లు నాట్లు, కోతలు చేసిన మనిషి. మాట్లాడటం తక్కువ. నాకు ఈ నోరు ఎవరి పోలికో ఇప్పటికీ తెలియదు.

"ఏందిరా గివన్నీ" అన్నాడు. "వరి కుచ్చు అల్లుర్రి. ఇంటి ముంగట కడితె పిట్టలు తింటయి. అల్కగ అయితది."

బాపుకు అన్నీ అల్కనే, అంటే తేలికే. మోకాలి లోతు బురదలో పొద్దంతా వంగి నాటు వేయడం కూడా అల్కనే. అయినా ఆ మాట నా మనసుకు పట్టింది. నా చిన్నప్పుడు ప్రతి కోతకూ బాపు వరి కంకులను కుచ్చుగా అల్లి దర్వాజాకు కట్టేవాడు. ఇప్పుడు కోత మిషను వస్తోంది, అరగంటలో మడి అయిపోతోంది. వడ్లు ట్రాక్టరులోకి, నలిగిన గడ్డి నేల మీదికి. కంకి కంకిగా ఇంటికి రావడమే లేదు. నా బిడ్డ కుచ్చును చూడనే లేదు.

మిషను తిరగలేని మడి మూలలను మాత్రం ముందే కూలివాళ్లు కొడవలితో కోస్తారు. బీర్కూర్‌లో ఆలస్యంగా నాటిన ఒక ఆసామిని అడిగితే, ఒక మూల మమ్మల్నే కోసుకొమ్మన్నాడు. బిడ్డను వెంటబెట్టుకుని పోయాను. బాగా పండి బంగారంలా మెరిసే కంకులే ఏరి ఏరి కోసి, పెద్ద కట్ట కట్టి, ఆటో పైన తాడేసి బిగించాను. తిరుగు ప్రయాణంలో నలుగురు ఎక్కారు. నేను చెప్పిన కథకు నలుగురూ నవ్వారు. నా అంత మొనగాడు లేడనుకుంటూ ఇంటికి చేరాను.

దిగి చూస్తే ఆటో మీద తాడు ఉంది. తాడు కింద గడ్డి ఉంది. గడ్డికి గింజ లేదు. ఎండిన కంకుల గింజలు ఆ గాలికి, ఆ కుదుపుకు దారి పొడవునా రాలిపోయాయి.

"నేను చూస్తనే ఉన్న డాడీ" అంది బిడ్డ. "పిట్టలు మన ఎనుకనే వచ్చినయి."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు కథ చెప్తుంటివి గద. నడుమల మాట్లాడొద్దంటవ్."

బాపు ఆ గడ్డిని చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు.

"పిట్టల కడుపైతె నిండింది. ఇగ కుచ్చెందుకు?" అన్నాడు.

గడ్డిని కింద పడేసి తనే మళ్లీ అన్నాడు. "కంకి మెడ పచ్చిగ ఉన్నప్పుడు కోయాలె. తడి గోనెల సుట్టాలె. ఒళ్లె పెట్టుకొని తేవాలె, పసిపిల్ల లెక్క."

మరునాడు ఎండ ఎక్కకముందే మడి దగ్గర ఉన్నాం. పక్క మూలలో ముగ్గురు ఆడవాళ్లు కోస్తున్నారు. నా ఆటోలో రోజూ వచ్చేవాళ్లే.

"ఏందన్నా, ఆటో బంద్ జేసి కూలికొస్తున్నవా?" అంది ఒకామె.

"మీరు పెట్టుకుంటె వస్త అక్కా."

"నిన్ను పెట్టుకోం. నీ ముచ్చట్లింటె మా కొడవలి ఆగుతది."

బిడ్డ నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. వచ్చేటప్పుడు ఆటో ఎవరి కోసమూ ఆపలేదు. తడి గోనెలో చుట్టిన కంకులను బిడ్డ ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. అద్దంలో ఆమెను చూస్తూ నేను నడిపినంత మెల్లగా ఆ తోవలో ఇంతవరకు ఏ ఆటోవాడూ నడిపి ఉండడు.

అరుగు మీద చాప పరిచి కూర్చున్నాం. బాపు మూడు కంకులు కలిపి, మెలితిప్పి, నాలుగోది చేర్చి, గడ్డిపోచ చుట్టి బిగించాడు. ఐదోది. ఆరోది. ఆయన కంకుల వైపు చూడటం లేదు, వీధిలో పోయే మేకల వైపు చూస్తున్నాడు. చేతులకు వాటి పని వాటికే తెలిసినట్టు ఉంది. జానెడు జడ లేచింది. గింజలన్నీ ఒకే వైపుకు వంగి, దువ్వినట్టు ఉన్నాయి. మా బాపు చేతులను నేను అంత దగ్గరగా, అంత సేపు చూడటం అదే మొదలు. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉండి చూడని మనిషిని ఏమనాలో మీరే అనండి.

తర్వాత ఆయన ఆ జడను మొత్తం విప్పేశాడు.

"గది నాది. మీది మీరు అల్లుకోర్రి."

మేం మొదలుపెట్టాం. బిడ్డ కంకి అందించాలి, నేను మెలి తిప్పి కట్టాలి. నాలుగో మెలిక దగ్గర నాకో ముచ్చట గుర్తొచ్చింది. చెప్పాను. నవ్వేసరికి వేళ్లు సడలి జడ ఊడింది. బాపు తీసుకుని విప్పి చేతికిచ్చాడు. మళ్లీ అల్లాను, మళ్లీ ఏదో అన్నాను, మళ్లీ ఊడింది. మళ్లీ విప్పాడు. అలా ఆరుసార్లు. బడిలో సారు తప్పు రాసిన చేతి మీద కొట్టేవాడు. బాపు చేతి జోలికి రాలేదు, తప్పును మాత్రమే విప్పాడు. ఆయనలాంటి సారు దొరికితే నేను ఏడో తరగతి దాటేవాడినేమో. ఆ సారు మా ఇంట్లోనే ఉన్నాడని అప్పుడు తోచలేదు.

ఏడోసారి బాపు ఒక పొడుగాటి తడి గడ్డిపోచ తీసి దాని కొస నా పళ్ల మధ్య పెట్టాడు.

"గిది గట్టిగ పట్టుకో. రెండు చేతులు తిప్పుతుంటె పండ్లతోని గుంజాలె. మేం గిట్లనే అల్లేది."

ఇన్నేళ్లుగా కుచ్చులు కట్టిన వాళ్లంతా ఎందుకు అంత మౌనంగా ఉండేవారో అప్పుడు తెలిసింది. నోరు తెరిస్తే పోచ జారుతుంది, పోచ జారితే కుచ్చు పోతుంది. నేను నోరు మూసుకున్నాను. వేళ్లకు నెమ్మదిగా దారి దొరికింది. బిడ్డ పొట్టి కంకులు లోపలికి, పొడుగువి బయటికి వచ్చేలా తనే ఏరి ఇస్తోంది. ఎవరూ చెప్పలేదు. ఒకచోట నేను వదులుగా కట్టాను. "ఆగు" అని అచ్చం వాళ్ల తాతలాగే రెండు మెలికలు విప్పి చేతిలో పెట్టింది. అంత ఓపిక ఆ చిన్న వేళ్లలో ఎక్కడ దాచుకుందో. నాకు పొగడాలనిపించింది. నోట్లో పోచ ఉంది.

గంట గడిచింది. వంటింట్లోంచి నా భార్య బయటికి వచ్చింది.

"ఏమైంది, సప్పుడే లేదు? పానం మంచిగ లేదా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

నా బదులు బిడ్డ తలెత్తకుండా చెప్పింది.

"అమ్మా, డాడీ పని జేస్తుండు."

పళ్ల మధ్య పోచ తెగినంత పనైంది. బాపు మేకల వైపు చూస్తూ మీసం కింద నవ్వుకున్నాడు.

మధ్యాహ్నానికి మూరెడు కుచ్చు తయారైంది. ఒక పక్కకు కొంచెం వాలింది, కానీ ఊపితే గింజ రాలలేదు. అరుగు పైన దూలం కొక్కేనికి కట్టాం. రెండు రోజులు పిచ్చుక రాలేదు, ఉడుత వచ్చింది. బిడ్డ దిగులు పడితే, "సూడకుర్రి, అవ్వే వస్తయి" అన్నాడు బాపు. మేం చూడటం మానేసిన రోజు పిచ్చుకల జంట వచ్చింది.

మిగిలిన కంకులతో చిన్న కుచ్చు ఒకటి అల్లి ఆటో అద్దానికి వేలాడదీశాం. బడి తెరిచే ముందు ఒకరోజు బిడ్డ నా పక్కన కూర్చుని బీర్కూర్ వస్తోంది. వెనక ఎక్కిన ఒక అవ్వ ఆ కుచ్చును వేలితో తాకి చూసింది.

"యాడ కొన్నవ్ బిడ్డా? మస్తున్నది."

"కొనుడేంది అవ్వా" అన్నాను. "నేనే అల్లిన. కండ్లు మూసుకొని, ఒక్క గంటల."

అవ్వ నన్ను నమ్మలేదు. ఆ తోవలో నన్ను ఎవరూ నమ్మరు. నా బిడ్డ వైపు వంగి, "నిజమేనానే?" అని అడిగింది.

"నిజమే అవ్వా" అంది నా బిడ్డ. "మా డాడీ చేతులకు మస్తు పనొస్తది. కాని నోట్ల గడ్డిపోచ ఉండాలె."