బొట్టు పెట్టుకున్న వాషరు

ఈ ఉదయం ఆయుధపూజకని పూజగది అర దులుపుతూ మా ఆవిడ ఒక చిన్న ఇత్తడి వాషరు తీసి నా అరచేతిలో పెట్టింది. "ఈసారి కూడా దీనికి బొట్టు పెట్టాలా?" అంది. పెట్టాలన్నాను. అది దేనిదో మాత్రం చెప్పలేకపోయాను. యానాం నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఈ తమిళ ఊళ్ళో నేను మొదట వెతుక్కున్నది లైబ్రరీనే. అక్కడ ఇంజన్ల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. అయినా చెప్పలేను.

ఇక్కడే ముత్తియాల్‌పేటలో మా అత్తగారింట్లో ఒక ముసలి కారు ఉండేది. ఎంత దూరం తిరిగిందో దాని మీటరే మరిచిపోయి ఒక అంకె దగ్గర ఆగిపోయింది. మా అత్తగారు లాస్‌పేట విమానాశ్రయం పక్క రోడ్డు మీద డ్రైవింగు నేర్చుకున్నది అందులోనే. ఇంకో బండి ముట్టనని ఆవిడ పట్టు. ఒక ఏడు వానలకు అది మొరాయించింది. "విజయదశమికి కదల్లేదంటే అరియాంకుప్పం పాతసామాన్లోడికి ఇచ్చేస్తా" అని మామగారు తేల్చేశారు. అత్తగారు నా వైపు చూశారు. నేను చూస్తానని మాటిచ్చాను.

పుస్తకం ప్రకారం తప్పంతా కార్బ్యురేటర్‌ది. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే డబ్బా అది. ఆయుధపూజ నాటి ఉదయం వసారాలో పాత పేపరు పరిచి దాన్ని విప్పాను. విప్పిన వరసలోనే పేర్చుకోవాలి, బిగించేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలి, అలాగే చేశాను. ఫోనుతో ఒక ఫొటో తీసుకోవచ్చని పుస్తకంలో లేదు. స్నానం చేసి వచ్చేసరికి పేపరొక్కటే మిగిలింది.

అన్నీ పూజగదిలో ఉన్నాయి. శుభ్రంగా కడిగి, పెద్దవి వెనకా చిన్నవి ముందూ పేర్చి, అత్తగారు ఒక్కొక్కదానికీ గంధం, కుంకుమ పెట్టారు. పక్కనే నా స్పానర్లు. అంతటితో ఆగలేదు; విప్పి తోమిన కుట్టుమిషను ముక్కలూ, మిక్సీ ముక్కలూ అదే వరసలో కలిసిపోయాయి.

"బాగుండాయా మాప్ళా?" అల్లుణ్ణి అరవంలో అలాగే పిలిచేవారు ఆవిడ. "ఆ చిన్న స్ప్రింగులు ఎంత ముద్దుగా, అళగుగా ఉండాయో చూడండి."

"అత్తయ్యా, అవి ఒక వరసలో ఉన్నాయి కదా!"

"ఏంది వరస? చెత్త మాదిరి పడుంటే నేనే కదా ఎత్తి పెట్టినా."

చెయ్యి చాచబోయాను. "అయ్యయ్యో, ముట్టొద్దండి! పూజ అయినంక రేపటిదాకా వాటికి లీవు."

ఆ రోజంతా పూజగది గడపలో కూర్చుని, ఏ ముక్క ఏ ముక్క తర్వాత వచ్చిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పుస్తకంలో బొమ్మకు ఒక స్ప్రింగు. దేవుడి ముందు మూడు. గంధం వాసనా పెట్రోలు వాసనా కలిసి తల తిరిగింది. అటుగా వెళ్తూ మామగారు, "మాప్ళకు బలే భక్తి" అన్నారు.

మర్నాడు దీపం కొండెక్కాక బిగించడం మొదలుపెట్టాను. పాతసామాన్లవాడు బయల్దేరాడని మామగారు వీధరుగు మీది నుంచి చెబుతూనే ఉన్నారు. అత్తగారు పక్కన కూర్చుని ఒక్కొక్కటే అందిస్తూ "ఇది యాడికి?" అని అడిగేవారు. నేను బొమ్మ చూసి, ముక్క చూసి, ఎక్కడ పడితే అక్కడికి పంపేవాణ్ణి. చివరికి కార్బ్యురేటర్ మళ్ళీ కారులోకి ఎక్కింది, ఈ వాషరు మిగిలింది.

"ఇది కార్‌దా, మిషనుదా, మిక్సీదా?"

"తెలీదు అత్తయ్యా."

ఆవిడ దాన్ని గుప్పిట్లో మూసేశారు. "మీ మామకు చెప్పొద్దండి" అని స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పారు. కారు దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది. ఇక అంతేననుకుంటుండగా గర్రుమని లేచి, చక్రాల కింద పూజకు పెట్టిన నిమ్మకాయల్ని తొక్కుకుంటూ వీధిలోకి దూకింది. మామగారు లేచి నిలబడ్డారు. "ఏంది ఇది! ఇప్పుడు ఆ వచ్చేవాడికి నేనేం చెప్పేది?"

కళ్ళు మసకబారి తానే తాళం పక్కన పెట్టేదాకా అత్తగారు ఆ కారే నడిపారు. కుట్టుమిషనూ మిక్సీ కూడా ఏ లోటూ లేకుండా పనిచేస్తూనే వచ్చాయి. ఆవిడ గుప్పిట్లోంచి పూజగది అరలోకి చేరిన ఈ వాషరు లేకుండానే కారు అన్నేళ్ళు నడిచింది. కారు లేకుండా ఇల్లు ఇన్నేళ్ళుగా నడుస్తోంది. కాలం దేన్ని బిగిస్తుందో, దేన్ని బొట్టు పెట్టి పక్కన ఉంచుతుందో నాకింకా ఏ పుస్తకంలోనూ కనబడలేదు.