మణికట్టు మీద వేలు

బరువని కారులోంచి దింపేసినందుకు పగబట్టి, సొంత తమ్ముడి కారు ఇంజన్‌ని ఆవిడే తగలబెట్టిందని చెప్పుకుంటారు. కార్లు బాగుచేసే షెడ్డుకు ఎదురుగా పంక్చర్లు వేసే అతను ట్యూబుని నీళ్లలో ముంచుతూ ఈ కథ మొదలుపెడతాడు, బుడగ కనపడేలోపు ముగిస్తాడు. నట్టు వదులు చేసిందని ఒక రోజు చెబుతాడు. ఇంకో రోజు పెట్రోలు ట్యాంకులో చక్కెర పోసిందంటాడు. "ఆవిడ గట్టిగా చూస్తే కొత్త టైరుకైనా గాలి దిగిపోతుంది" అని నవ్విస్తాడు. వినేవాళ్లు షెడ్డు వైపు తల తిప్పుతారు. అక్కడ ఆమె ఆయిలు మరకల మీద రంపపు పొట్టు చల్లి ఊడుస్తూ ఉంటుంది. తల ఎత్తదు. ఎత్తకపోవడమే వాళ్లకు సాక్ష్యం.

ఆమె మేస్త్రి భార్య. షెడ్డుకు వచ్చేవాళ్లు ఆమెకు పెట్టిన పేరు స్టెప్నీ, అంటే కారులో అదనంగా ఉంచుకునే చక్రం. ఏ పాత కారుని ట్రయలుకి తీసినా మేస్త్రి పక్క సీట్లో ఆమె ఉండాల్సిందే కాబట్టి ఆ పేరు పుట్టింది. మనిషి కాస్త గుండ్రంగా ఉంటుంది కాబట్టి అతుక్కుపోయింది.

"మేస్త్రీ, స్టెప్నీ పెట్టుకున్నావా?" అని అడిగేవాళ్లు.

"అది లేకుండా రోడ్డెక్కుతానా?" అని ఆయనా నవ్వేవాడు.

ఇంట్లో వదలాలంటే ఆయనకు అనుమానమని కొందరు, వదిలి వెళ్లాలంటే భయమని కొందరు అనుకునేవాళ్లు. ఆమె ఏమీ అనేది కాదు. తలుపు వేసుకుని, కిటికీ అద్దం సగం దించుకుని కూర్చునేది.

ఆయన్ని మాత్రం అందరూ చెవి మేస్త్రి అనేవాళ్లు. పాత కారు హైవే మీద తక్కువ పెట్రోలు తాగాలంటే ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. కార్బురేటర్‌లో జెట్టు మార్చి పెట్రోలు తగ్గించడం ఎవరైనా చేస్తారు. కష్టమంతా తర్వాతిదే. స్పార్కు కాస్త ముందుగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పాలి. ముందుకు జరిపిన కొద్దీ మైలేజీ పెరుగుతుంది. ఒక గీత దాటిందా, ఇంజన్ తనని తాను తినేస్తుంది. ఆ గీత ఎక్కడుందో చెవే చెప్పాలి. టాప్ గేరులో ఎత్తు ఎక్కిస్తూ తొక్కితే, రేకు డబ్బాలో గుండుసూదులు ఆడించినట్టు సన్నగా ఒక మోత వస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు. వినపడగానే ఆగి, స్పార్కుని కాస్త వెనక్కి తేవాలి. తేకుండా తొక్కుతూ పోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

ఆ మోత మేస్త్రికి వినపడక ఏళ్లయింది. సుత్తి దెబ్బలూ రేకులు కోసే మిషనూ ఆయన చెవుల్లోంచి సన్నని శబ్దాలన్నిటినీ ఎత్తుకుపోయాయి. మాట వినపడుతుంది, లారీ హారన్ వినపడుతుంది. తలగడ పక్కన అలారం గడియారం గొంతు చించుకుంటున్నా ఆయన గురక ఆగకపోవడం చూసి ఆమెకు సంగతి అర్థమైంది. ఆ తర్వాతి ట్రయలులో ఎత్తు దగ్గర మోత రాగానే, గేరు మీదున్న ఆయన మణికట్టు మీద వేలు పెట్టింది. ఆయన ఆమె వంక చూడలేదు. కారు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, నట్టు వదులు చేసి స్పార్కుని వెనక్కి తిప్పాడు.

దాని గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా అనుకోలేదు. వేలు పడితే వెనక్కి, పడకపోతే ముందుకి. కూర దగ్గర్నుంచి కర్టెన్ల దాకా ఆమె ఏం చెప్పినా "నీకేం తెలుసు" అనే మనిషి, ఆ వేలు దగ్గర మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు. ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే. అందుకే ఎంత జ్వరమొచ్చినా ట్రయలు మానేది కాదు.

ఒకసారి ఆమె తమ్ముడు పాత కారొకటి కొని తెచ్చాడు. పాత కార్ల పోటీ ఒకటి ఉందట. హైవే మీద పోయి తిరిగి రావాలి, తక్కువ పెట్రోలు తాగిన కారుకి కప్పు. "బావా, కప్పు నా ఇంట్లో ఉండాలి, పేరు నీకు రావాలి" అన్నాడు. మేస్త్రి జెట్టు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, టైర్లకు గాలి బిగించాడు. ఆఖరి ట్రయలు రోజు పొద్దున ఆమె ఎప్పటిలాగే ఇంజన్‌ని గుడ్డతో తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

తమ్ముడు తలుపు తీశాడు.

"దిగక్కా. జాకీ తీసేశా, వెనక సీటు తీసేశా, స్టెప్నీ తీసేశా. ఇంక మిగిలిన స్టెప్నీవి నువ్వే."

పంక్చర్ అతను చేతిలో పంపు వదిలేసి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"నేను రావాలిరా," అంది.

"ఎందుకు, తోయడానికా? నువ్వు కూర్చుంటే కారు పెట్రోలు తాగదే, మింగుతుంది."

ఆమె భర్త వంక చూసింది. 'ఉండనీరా' అని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ, "కారు వాడిది, ఇష్టం వాడిది. దిగు," అన్నాడు.

దిగి, కిటికీలోకి వంగింది. "ఎత్తు దగ్గర జాగ్రత్తండీ. ఇప్పుడున్నది చాలు, ఇంక తిప్పకండి."

"బావా, నీ ఉద్యోగం పోయింది! అక్క మెకానిక్ అయిపోయింది!" అన్నాడు తమ్ముడు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే. ఆమె దిగిన సీట్లో తమ్ముడు కూర్చున్నాడు, ఆ నవ్వుతోనే కారు రోడ్డెక్కింది.

తిరిగి వచ్చినప్పుడు దాన్ని ఒక ట్రాక్టరు తాడు కట్టి లాక్కొచ్చింది. బానెట్ సందుల్లోంచి నల్లటి నూనె కారుతోంది. మేస్త్రి తలుపు తీసుకుని దిగాడు గాని అడుగు ముందుకు వేయలేదు. తమ్ముడు అరుస్తున్నాడు.

"రెండుసార్లు ఆపి తిప్పావ్ కదా బావా! ఎత్తెక్కుతుంటే సన్నగా గలగలమంటోంది, ఇంజన్ హుషారుగా ఉందనుకున్నా. అంతలో ఢమాలుమంది. ఏంటా గలగల? నీకు వినపడలా?"

నలుగురూ మేస్త్రి వంక చూశారు. పంక్చర్ అతను పని ఆపి మరీ చూశాడు. ఆయన రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"వినపడకేం," అన్నాడు. "స్పార్కు టైమింగు నట్టు వదులైపోయింది. నేను బిగించిన నట్టు దానంతటది వదులవదు. పొద్దున ఇంజన్ మీద చెయ్యి పెట్టిందెవరో అడుగు."

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "ముట్టుకున్నావా అక్కా?"

"తుడిచానురా. రోజూ తుడుస్తాను కదా."

"తుడిచిందట!" అన్నాడు పంక్చర్ అతను.

"దిగమన్నందుకా? నా మీద నీకింత కడుపుమంటా?"

తుడిచింది ముందు, దిగమన్నది తర్వాత అని ఎవరికీ తోచలేదు. ఆమెకు తోచింది. ఈయనకు ఆ మోత వినపడదు అని ఒక్క మాట అంటే తన మీద పడిన నింద తుడిచిపెట్టుకుపోతుందనీ తోచింది. కానీ ఆ మాట అంటే రేపటినుంచి షెడ్డు షట్టరు లేవదు. రంపపు పొట్టు తెచ్చి, కారుతున్న నూనె మీద చల్లింది.

తమ్ముడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. అమ్మ ఫోను చేయడం మానేసింది. ఈమె చేస్తే, "ఉండు, పనిలో ఉన్నా" అని పెట్టేసేది.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఎందుకన్నారండీ అలా?"

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "నన్నంటే షెడ్డు పోతుంది. నిన్నంటే ఏం పోయింది? నీకేం పేరుందని పోవడానికి?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

మేస్త్రికి తండ్రి ఇచ్చిన కారు ఒకటి షెడ్డు వెనక టార్పాలిన్ కింద ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఆమెను కూడా. తన చెవి మీద జనానికి సందేహం రాకముందే వచ్చే పోటీలో ఆ కారుతో కప్పు కొట్టాలనుకున్నాడు. టార్పాలిన్ లాగేసి, కార్బురేటర్ విప్పి, అద్దంలా కడిగి బిగించాడు. ట్రయలు రోజు స్టార్టు చేసి హారన్ కొట్టాడు.

"ఎక్కు."

"బరువు కదండీ?"

"వాగకుండా ఎక్కు."

సారీ అనలేదు. ఆమె వేలు కూడా తన టూల్‌బాక్సులోదే అన్నట్టు, రెంచి ఉందో లేదో చూసుకున్నట్టే ఆమెను చూసుకుని గేరు వేశాడు. ఆమె కిటికీ అద్దం సగం దించింది.

ఎత్తు మొదలైంది. టాప్ గేరులో తొక్కాడు. గుండుసూదులు కదిలాయి. సన్నగా, స్పష్టంగా, ఎప్పటిలాగే.

ఆయన మణికట్టు గేరు మీద సిద్ధంగా ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కొంగు అంచుని మడత మీద మడత వేస్తోంది.

ఆయన ఓరగా చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నోరు విడిచి అడిగాడు. "ఏమన్నా ఉందా?"

"ఏం లేదండీ. బాగుంది."

ఆయన మొహం వెలిగింది. కారు ఆపి, స్పార్కుని ఇంకో వెంట్రుకవాసి ముందుకు తిప్పి వచ్చాడు. కిందికి పోయి మళ్లీ ఎత్తెక్కించాడు. ఇప్పుడు సూదులు కావు, మేకులు.

"ఇప్పుడు?"

"ఇంకా బాగుంది."

ఆయన ఈల వేయబోయాడు. అంతలో బానెట్ కింద ఏదో విరిగింది. తెల్లటి పొగ అద్దమంతా కప్పేసింది. కారు ఊగి, ఊగి, ఎత్తు మధ్యలో నిలబడిపోయింది.

దిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి కాలినా తీయలేదు. ఆమె వైపు తిరిగాడు.

"నీకు వినపడలేదా?"

"లేదండీ," అంది ఆమె. "నాకూ వయసొస్తోంది కదా."

ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఆవిడ చెప్పలేదని అంటే, ఆవిడెందుకు చెప్పాలని అడుగుతారు. ముసలి కారు, దాని కాలం తీరిందిలే అన్నారు అందరూ. ఆ తర్వాత మేస్త్రి టైమింగు పని పట్టలేదు. ఆయిలు మారుస్తాడు, బ్రేకులు చూస్తాడు. అలారానికి లేవడు, ఆమె లేపదు.

పంక్చర్ అతను ఇప్పటికీ తమ్ముడి కారు కథే చెబుతున్నాడు. ఆ కారుని ఆమె ఏమీ చేయలేదు. ఆమె తగలబెట్టింది మేస్త్రి కారుని.