చైన్ ఆగిపోతున్న రంపం

2022 వేసవి చివర్లో మా వైపు గాలిదుమారాలు ఎక్కువగా వచ్చాయి. చెట్లు పడిపోవడంతో తల్లాడలోని మా షాపు ముందు రోజూ నలుగురైదుగురు పెట్రోలుతో నడిచే చైన్ రంపం కోసం నిలబడేవారు. మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, పెట్రోలు రంపాలు అమ్మడం, బాగుచేయడం నా పని. పద్దెనిమిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. బల్ల మీదికి వచ్చిన మిషన్ జబ్బేమిటో చెప్పలేకపోయిన సందర్భాలు తక్కువ. యేసురత్నం గారి రంపం మాత్రం పదిహేను రోజులు నన్ను తికమక పెట్టింది.

ఆయన కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏన్కూరు దాటాక అడవి అంచున వాళ్ల ఊరు. భార్య కరుణమ్మ అంగన్‌వాడీ టీచరు. వాళ్ల పెరట్లో పెద్ద వేపచెట్టు కూలి పశువుల కొట్టం మీద పడింది. దాన్ని కోయడానికి రంపం కావాలని వచ్చారు.

“ఇరవై రెండు ఇంచులది ఇయ్యి తమ్ముడూ. చెట్టు పెద్దది.”

ఇరవై రెండు ఇంచులంటే గైడ్ బార్ పొడవు. చైన్ దాని చుట్టూ తిరుగుతుంది. ఇంటి పనికి అంత పొడవు అక్కర్లేదు. బార్ పెరిగితే బరువు పెరుగుతుంది, చేతులు తొందరగా అలసిపోతాయి.

“పదహారుది తీసుకోండి అన్నా. లావు మొద్దును రెండు దిక్కుల నుంచి కోసుకోవచ్చు,” అన్నాను. ఒప్పుకున్నారు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ మాత్రం వద్దన్నారు. “తలకు తువ్వాల చాలదా?”

పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలో, చైన్ ఎంత బిగువుగా ఉండాలో చెప్పాను. చైన్ బ్రేక్ కూడా చూపించాను. ముందు హ్యాండిల్‌కు అవతల ఒక ప్లాస్టిక్ గార్డు ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే ఇంజిన్ నడుస్తున్నా చైన్ ఆగుతుంది, వెనక్కి లాగితే మళ్లీ తిరుగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు వేసుకోమన్నాను. అది దానంతటదే ఎప్పుడు పడుతుందో, ఎందుకు పడుతుందో చెప్పలేదు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు.

నాలుగు రోజుల తర్వాత రంపం పట్టుకుని వచ్చారు.

“కోస్తాంటె కోస్తాంటె చైన్ ఆగిపోతాంది. ఇంజిన్ నడుస్తనే ఉంటది. గార్డు వెనకకు గుంజితె మళ్ల తిరుగుతది. జర సేపటికి మళ్ల గంతే.”

స్ప్రింగు వదులై, ఇంజిన్ అదురుకే బ్రేకు పడుతోందేమో అనుకున్నాను. కవర్ విప్పి చూస్తే స్ప్రింగు బాగానే ఉంది. షాపు వెనక స్టాండు మీద ఒక దుంగ పెట్టి ఇరవై ముక్కలు కోశాను. ఒక్కసారీ ఆగలేదు. అయినా స్ప్రింగు మార్చి పంపించాను.

వారం తిరగకుండానే మళ్లీ వచ్చారు. అదే మాట. ఈసారి ఆయన నుదుటి మీద కమిలిన గాయం ఉంది. అందులో వరసగా నాలుగైదు చిన్న గాట్లు.

“అదేంది అన్నా?”

“కొమ్మ తగిలింది. అది సరే, నీ మిషన్ సంగతి చూడు.”

ఆయన చేతికే రంపం ఇచ్చి మా దుంగను కోయమన్నాను. చక్కగా కోసింది. తయారీలోనే లోపమా? మా దగ్గర నడిచి వాళ్లింట్లో ఎందుకు ఆగుతోంది? పెట్రోలు కల్తీ అనుకుందామంటే ఆగేది ఇంజిన్ కాదు. ఆ బ్రేకు భాగాలన్నీ కొత్తవి వేశాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన కూర్చోలేదు.

“ఆ బ్రేకే తీసెయ్యి తమ్ముడూ. అది లేకపోతె ఆగదు గద.”

అలా తీయించుకునేవాళ్లు ఉన్నారు. తీసేవాళ్లూ ఉన్నారు. పని పది నిమిషాలే. కవర్ విప్పాను. బ్రేక్ బ్యాండ్, అంటే చైన్ తిప్పే డ్రమ్ము చుట్టూ బిగుసుకునే ఉక్కు పట్టీ, ఎదురుగా ఉంది. స్క్రూడ్రైవర్ దాని మీద పెట్టాను కూడా. బాగున్న పట్టీని తీస్తున్నానన్న సంగతి చేతికి తెలుస్తోంది, బుర్రకు మాత్రం దారి దొరకడం లేదు. చివరికి కవర్ మూసేశాను.

“నాకు అర్థమైతలేదు అన్నా. ఆదివారం మీ ఇంటికొచ్చి చూస్త. అప్పటిదాక దీన్ని ముట్టకండి.”

షాపులో అందరి ముందూ ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. ఆయన రంపం తీసుకుని వెళ్లిపోయారు.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు చేరుకుందామని బయల్దేరాను. ఇంటి ముందు బండి ఆపేసరికే పెరట్లోంచి రంపం చప్పుడు వినిపిస్తోంది. కరుణమ్మ గారు ఎదురొచ్చారు.

“జల్దీ పోండి. వద్దంటె వినలేదు. ఆ గార్డును తీగతో కట్టేసిండు.”

పెరట్లో వేపచెట్టు కొమ్మలన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని కుప్పగా పడి ఉన్నాయి. ఆయన ఆ కుప్ప మధ్యలో నిలబడి, రంపాన్ని ఛాతీ ఎత్తుకు లేపి ఒక కొమ్మను కోస్తున్నారు. గార్డును వెనక్కి లాగి ముందు హ్యాండిల్‌కు బైండింగ్ వైరుతో చుట్టేశారు. కోస్తున్న కొమ్మకు అవతల, ఆకుల్లో కనిపించకుండా ఇంకో లావు కొమ్మ ఉంది. బార్ కొస దానికి జానెడు దూరంలో ఉంది.

చైన్ ఎందుకు ఆగుతోందో అప్పుడు తెలిసింది.

నడుస్తున్న రంపం పట్టుకున్న మనిషి దగ్గరికి వెనక నుంచి వెళ్లకూడదు. ఉలిక్కిపడి తిరిగితే ఇద్దరికీ ప్రమాదమే. చుట్టూ తిరిగి, ఆయనకు ఎదురుగా దూరంలో నిలబడి రెండు చేతులూ ఊపాను. చూడలేదు. ఇంకోసారి ఊపాను. తలెత్తి చూసి, విసుగ్గా ఇంజిన్ ఆపారు.

రంపం చేతిలోకి తీసుకుని ముందు ఆ తీగ విప్పాను. మిషన్ చల్లారాక బార్ కొసను ఆ దాగి ఉన్న కొమ్మకు ఆనించాను.

“తిరుగుతున్న చైన్ ఈ కొస పైభాగంతో దేన్నన్న తాకితే మిషన్ ఒక్కసారే మీ మీదికి లేస్తది. కిక్‌బ్యాక్ అంటరు దాన్ని. ఆ ఊపుకే బ్రేకు పడి చైన్ ఆగుతది. షాపుల దుంగకు అవతల కొస తగిలేటందుకు ఏం లేదు, అందుకే ఆడ ఆగలే.” బార్‌ను మెల్లగా పైకి లేపి, ఆయన నుదుటికి నాలుగు వేళ్ల దూరంలో ఆపాను. చైన్ పళ్లు, ఆ మానిన గాట్లు ఒకే వరసలో ఉన్నాయి. “మీకు తగిలింది కొమ్మ కాదన్నా.”

ఆయన నుదుటి మీది గాట్లను వేలితో తడుముకున్నారు. నేను అడిగాను.

“ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఊకె ఫీజు పోతే మీరేం చేసేటోళ్లు?”

“లైన్ల ఏడనో తప్పున్నట్టు. అది ఎతికేటోణ్ణి.” తనే అన్నారు, “ఫీజు పోతాందని దాని జాగాల లావు వైరు కట్టిన వాళ్లను తిట్టేటోణ్ణి.”

మొద్దు మీద కూర్చుండిపోయారు. కరుణమ్మ గారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఆయన పక్కనే నిలబడ్డారు.

ఆ రోజు మేమిద్దరం కలిసి పనిచేశాం. ముందు కత్తితో చిన్న కొమ్మలు కొట్టి, బార్ కొసకు అవతల ఏముందో కనబడేలా చేశాం. బొటనవేలును ముందు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోమన్నాను. ఆయన అంతవరకూ దాన్ని నాలుగు వేళ్ల పక్కనే పైన పెట్టి పట్టుకుంటున్నారు. రంపానికి సూటిగా కాకుండా కొద్దిగా ఎడమ పక్కకు నిలబడాలనీ, భుజం ఎత్తు దాటించకూడదనీ చెప్పాను. సాయంత్రానికి కొట్టం మీది బరువంతా దిగింది. చైన్ ఒక్కసారీ ఆగలేదు. మర్నాడు ఆయన వచ్చి హెల్మెట్ తీసుకెళ్లారు.

మిషన్ ఆగిందంటే మిషన్‌లోనే తప్పు వెతకడం నాకు అలవాటైపోయింది. ఆ గాయం చూసి కూడా అదేమిటో పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఎవరు రంపం తెచ్చినా స్క్రూడ్రైవర్ తీయకముందు ఏం కోస్తున్నారు, ఎక్కడ నిలబడ్డారు, బార్ కొస దేనికి తగిలింది అని అడుగుతాను. కొనేవాళ్లకు ఆ బ్రేకు ఎందుకు పడుతుందో, వెనక ఎంతమంది నిలబడి ఉన్నా, చెప్పే పంపిస్తాను.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ గొప్పగా చెప్పుకోలేను. ఆ మూడోసారి నేను బ్రేకు తీయకపోవడానికి కారణం నా అనుభవం కాదు. ఏం చేయాలో తోచలేదు, అంతే. తప్పు బ్రేకుదేనని కాస్త తెలిసినట్టు అనిపించి ఉంటే తీసేసేవాణ్ణి.