ఎత్తకూడని ఫోను

మా వదినె పోయిందన్న కబురు నాకు బొమ్మగా వచ్చింది. పొద్దున చాయ్ తాగుతూ ఫోను తెరిస్తే, చుట్టాలందరం ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో కనబడింది. ఆమె మనవడు పెట్టాడు. పక్కన కదలని మంటతో ఒక దీపం, కింద ఎన్నటికీ వాడిపోని పూలు. వాటి కింద ఒక్కొక్కరే చేతులు జోడిస్తున్నారు. నాకంటే పెద్దవాడైన ఒక బావ మాత్రం బొటనవేలు ఎత్తి పెట్టాడు. చూశానని చెప్పడానికి ఆయనకు వచ్చిన గుర్తు అదొక్కటే, తప్పు పట్టలేను. జడ్చర్లలో బస్సెక్కి మక్తల్ దాకా, అక్కడి నుంచి ఆటోలో మా ఊరి దాకా ఒకటే ఆలోచన. ఇంత పెద్ద కబురు వచ్చింది, ఫోను ఒక్కసారి కూడా మోగలేదే అని.

మోగడం సంగతి ఎందుకెత్తానంటే, మా వదినె లెక్కలో ఫోను మోగడానికే ఉంది. మాట్లాడటానికి కాదు.

ఆమె మా అన్న భార్య. మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నేను నిక్కర్లు వేసుకుని తిరిగేవాణ్ణి. బడి నాకు అచ్చిరాలేదు. పొట్లాలు కట్టి వచ్చిన పాత పేపర్లను విప్పి, సాపు చేసి, కూడబలుక్కుని చదువుతుంటే ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఆమె మాత్రం బెల్లం పొట్లం ఖాళీ కాగానే కాగితం తుడిచి నా కోసం దూలంలో దోపి పెట్టేది. "మరిదీ, ఇయ్యాల తియ్యటి వార్తలచ్చినయి, సదువుకో" అనేది. చీమలు కూడా నాతోపాటే చదివేవి. ఆ సంగతికి పోతే ఇవాళ తెమలదు. ఫోను దగ్గరికే వస్తాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె బిడ్డ ఒక బటన్ల ఫోను కొనిచ్చింది. అందులో వేసిన సిమ్ము "జీవితకాలం"ది. ఒకసారి కొంటే బతికున్నన్నాళ్లు మనకు ఫోన్లు వస్తాయని దుకాణం అతను చెప్పాడు. వదినె దాన్ని దీవెనలా తీసుకుంది. నెత్తి మీద చెంగు సరిచేసుకుని రెండు చేతులా అందుకుంది. ఎవరి జీవితకాలం అని ఎవరమూ అడగలేదు. కొన్నేళ్లకు ఆ కంపెనీ కాలం తీరింది, ఇంకో కంపెనీలో కలిసిపోయింది. ఆమె గట్టిగానే ఉంది.

అప్పట్లో మా దిక్కు ఇంటింటికీ మిస్డ్ కాల్ ఒక భాష. కొడుకు పుణెలో సైటు మీద దిగితే ఒకసారి మోగించేవాడు, చేరినట్టు. చేనుకాడి మనిషి రెండుసార్లు మోగిస్తే అన్నం పంపమన్నట్టు. పాలు పోసేవాడికి ఒక లెక్క, గొర్ల కాడికి పోయినవాడికి ఇంకో లెక్క. పైసా ఖర్చు లేకుండా ఊరంతా గంటలు కొట్టుకుంటూ బతికింది. ఆ భాషలో ఉన్న వ్యాకరణమల్లా ఒకటే. ఎత్తకూడదు.

ఒకసారి వదినె మోగిస్తే నేను ఎత్తాను. నా ఫోనులో ఎంత మాట్లాడినా ఒకటే ఖర్చు అనే పథకం వచ్చింది కదా అన్న ధీమా.

"ఎందుకెత్తినవ్?" అంది అటునుంచి.

"మాట్లాడుదామని వదినే. ఇప్పుడు పైసలు కావు."

"మాట్లాడనీకి చేసిన్నా నేను? మంచిగున్న అని చెప్పనీకి చేసిన. ఇగ ఏం మాట్లాడాలె, చెప్పు!"

నిజమే. కాసేపు ఆమె ఇంటి కోళ్ల అరుపు విన్నాను. "పెట్టేయి, తాడు తెగిన బొక్కెన లెక్క ఏలాడకు" అని ఆమే పెట్టేసింది. ఆ తర్వాత నేనెప్పుడూ ఎత్తలేదు. సాయంత్రం ఒకసారి మోగేది. నేనూ ఒకసారి మోగించేవాణ్ణి. "మాట్లాడితే మాట ఒడుస్తది, మోగితే మనిషి ఉన్నట్టు" అనేది.

ఈ పట్టింపు వెనుక ఆమె తమ్ముడున్నాడు.

వదినె పుట్టిల్లు మా పక్క ఊరే. ముగ్గురు అన్నదమ్ములు, ఒక బోరు. ఒక ఎండాకాలం పెద్దవాళ్లిద్దరూ కలిసి చిన్నవాడి మోటరు తీగ కోసేశారు. వాడి వరినారు కళ్ల ముందే ఎండిపోయింది. వాడు పంచాయితీ పెట్టలేదు, నోరు చేయలేదు. "ఈ గడ్డ నీళ్లు ఇగ ముట్ట. కృష్ణ దాటి ఇటు రాను" అని, రోడ్డు పనులు పట్టే మేస్త్రీ వెంట పోయాడు. కర్ణాటక, మహారాష్ట్ర, ఆ పైన ఎక్కడెక్కడో. పని మారితే ఊరు మారేది, ఊరు మారితే సిమ్ము మారేది. చదువు లేదు. అక్క నంబరు ఒక్కటి మాత్రం నోటికి వచ్చు.

మొదట్లో ఒకసారి ఫోను చేస్తే వదినె ఏడ్చిందట. వాడు అన్న మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "నువ్వు ఏడుస్తే నేను చెయ్యనక్కా. ఒక్కసారి మోగిస్త. నువ్వు గూడ ఒక్కసారి మోగియ్యి, నేనెత్తను. ఇద్దరం ఉన్నమని ఎరుకైతది, సాలు." అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్య మాట లేదు. ఏదో ఒక కొత్త నంబరు నుంచి ఒక మోత వచ్చేది. ఆమె వాకిట్లో నిలబడి తిరిగి ఒక మోత పంపేది. ఆ పూట ఆమె కూరలో ఉప్పు సరిగ్గా పడేది.

తర్వాత రూలు మారింది. నెలనెలా రీఛార్జి చేయకపోతే మనం చేయడమే కాదు, మనకు రావడం కూడా బంద్ అన్నారు. మునుపు చిన్న చిన్న రీఛార్జిలు ఉండేవి. కార్డు మీద గీకితే నంబరు తేలేది. అవన్నీ పోయాయి. రోజంతా మాట్లాడేవాడూ, సినిమాలు చూసేవాడూ, ఒక్క మోతకు కాచుకున్న ముసలామె కూడా, అందరూ ఒకటే కట్టాలి. గంప కింది కోడిగుడ్లన్నీ ఆ ఫోనుకే పోయేవి. "ఆ డబ్బా ఫోను పారేసి టచ్ ఫోను తీసుకో అత్తా, కొత్త నంబరు ఫ్రీగ ఇస్తున్నరు" అని కోడలు ప్రేమగానే చెప్పేది. ఆమె ఒప్పుకోలేదు. "నంబరు మారిస్తే వాడు యాడికి చేస్తడు? ఇల్లు కూలగొట్టి చుట్టానికి దావత్ చెప్పినట్టుంటది" అంది.

కిందటేడు బావి కాడ జారిపడి తుంటి ఎముక విరిగింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్, ఆపైన బిడ్డ ఇంట్లో మంచం మీద చాలా నెలలు. ఫోను ఊళ్లో గూట్లో ఉండిపోయింది. నొప్పికి మందులు, మందులకు మత్తు. అడిగే తెలివి ఆమెకు లేదు, తట్టే తీరిక ఇంట్లోవాళ్లకు లేదు. కర్ర పట్టుకుని ఊరికి వచ్చిన రోజే చూడటానికి వచ్చిన నన్ను వెంటబెట్టుకుని మక్తల్లో రీఛార్జి దుకాణానికి పోయింది. దుకాణం పిలగాడు రెండుమూడు సార్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నంబరు పోయిందవ్వా. శాన నెలలు చెయ్యకుంటే తీసేస్తరు. ఇగ వేరేటోళ్లకు ఇచ్చేస్తరు."

"నా నంబరు నన్నడగకుండ ఎట్లిస్తరు బిడ్డా? ఇంటికి తాళమేసి దవాఖానకు వోతే ఇల్లు వేరేటోనికి ఇచ్చేస్తరా?"

"మనదేం లేదవ్వా, అంతా కంప్యూటరే చేస్తది."

"గా కంప్యూటరుకు అక్కదమ్ముండ్లు లేరా?"

పిలగాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కంపెనీకి ఫోను చేయించింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంటే "జర ఆగు బిడ్డా, మనిషిని పిలువు" అని బతిమాలింది. ఆ గొంతు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

కోడలు కొనిచ్చిన టచ్ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. లోన్ కావాలా అని ఒకరు, ప్లాటు కావాలా అని ఒకరు మోగించేవారు. మోగినప్పుడల్లా మెడ నిక్కించేది. నేను పోయినప్పుడల్లా "మరిదీ, గా నంబరు కొట్టు" అనేది. కొట్టేవాణ్ణి. ఈ నంబరు వాడుకలో లేదు అని ఒక ఆడగొంతు చెప్పేది. "ఉన్ననే, నేనింక ఉన్ననే" అని ఆ గొంతుతో అనేది వదినె. వానలు పడేనాటికి మంచం పట్టింది. ఆ తర్వాత నంబరు కొట్టమని అడగలేదు.

పోయిన రోజు పుట్టింటి చీరలు పెద్దన్నదమ్ములిద్దరూ తెచ్చి కప్పారు. మూడో చీర లేదు.

దినాలు అయిన మర్నాడు, ఆమె మంచం ఎత్తి గోడకు నిలబెట్టిన చోట కూర్చుని, అలవాటుగా ఆ నంబరు కొట్టాను. మోగింది. ఒక ఆడపిల్ల ఎత్తింది. నల్లగొండ దిక్కు కేతేపల్లిలో బట్టలు కుడుతుందట, సిమ్ము ఈ మధ్యే తీసుకుందట. ఈ నంబరు మా వదినెది బిడ్డా, ఆమె పోయింది అని చెప్పాను. అయ్యో అంటూనే అడిగింది.

"తాతా, ఒకటి అడుగుత. ఎవరో అప్పుడప్పుడు ఒక్కసారి మోగించి పెట్టేస్తరు. ఎత్తేలోపే ఆగిపోతది. ఎవరో ఏమో అని నేను వాపసు చేస్త. మోగుతది గని ఎత్తరు. మొన్న గూడ వచ్చింది."

మొన్న అంటే, మేం వదినెను సాగనంపిన తర్వాత. నెలల తరబడి ఆ నంబరు పలకక వాడు ఎంత బెంగపడ్డాడో తెలియదు. అది మళ్లీ మోగింది. తిరిగి మోత వచ్చింది. అక్క రీఛార్జి చేయించుకుంది, బాగుంది అనుకుని ఉంటాడు. ముక్కూముఖం తెలియని పిల్ల, బుద్ధిమంతురాలు కాబట్టి, చచ్చిపోయిన మనిషిని వాడికి బతికించి పెడుతోంది.

మొన్న మోగిన ఆ నంబరు చెప్పించుకుని చేశాను. స్విచాఫ్. ఊరు మారినట్టున్నాడు, సిమ్ము మార్చినట్టున్నాడు. సందేశం పెట్టాను. చదవడం రాని వాడికి, పారేసిన సిమ్ముకు.

వదినె బిడ్డ పక్కనే ఉండి అంతా విన్నది. "ఆ పిల్లనే వాపసు చేస్తుండనియ్యి చిన్నాయినా" అంది కళ్లు ఒత్తుకుంటూ. "మా మామకైనా మా అమ్మ ఉన్నట్టు ఉంటది."

మాట మంచిదే. నాకూ ఆశ పుట్టింది. కానీ తోడబుట్టినది పోతే నెత్తిన నీళ్లు పోసుకోవాలి, చీర పెట్టాలి, ఒకసారి గట్టిగా ఏడవాలి. ఆ హక్కు వాడికి లేకుండా చేయడానికి మేమెవరం? తీగ కోసినవాళ్లు వాడి నీళ్లు ఆపారు. మేం కన్నీళ్లు ఆపినట్టవుతుంది.

మళ్లీ కేతేపల్లికి ఫోను చేశాను. వాడి సంగతంతా చెప్పాను. "ఈసారి మోగితే వాపసు చెయ్యకు బిడ్డా" అన్నాను. "మళ్లమళ్ల చేస్తడు. ఆగకుండ మోగిస్తడు. అప్పుడు ఎత్తు. ఎత్తి, నా నంబరు ఇయ్యి."

"అప్పటిదాంక ఆయన ఎదురుచూస్తడు గద తాతా?"

"చూస్తడు."

అటునుంచి కుట్టు మిషను చప్పుడు ఆగింది. "సరే" అంది.

ఇది రాసే వేళకు ఇంకా మోగలేదు. మోగిన రోజు ఆ పిల్ల కత్తిరించిన జాకెట్ ముక్కల మధ్య ఫోనును చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎక్కడో కంకర కుప్ప పక్కన ఒక మనిషి ఫోను చెవికి ఆనించకుండా, అరచేతిలో పెట్టుకుని, దాని మీద ఎండ పడకుండా రెండో చేయి అడ్డం పెట్టి, చూస్తూ ఉంటాడు.