తుక్కుకు పోనియ్యను

సనత్‌నగర్‌లో తను పనిచేసే ఫ్యాన్ల కంపెనీ మూతపడిన నాటి నుంచి రాజనర్సయ్యది ఒకటే మంకుపట్టు. చేతిలో పనితనం ఉన్నవాడు వాచ్‌మన్ కుర్చీలో కూర్చోకూడదని. అమీర్‌పేట సందులో, ఓ మేడ మెట్ల కింద, ఫ్యాన్ల నుంచి కంప్యూటర్ల దాకా బాగుచేసే రిపేరు కొట్టు పెట్టాడు. ఊరంతా కొత్త కంప్యూటర్ల వెంట పరుగెడుతుంటే పాతవి బాగుచేయించుకునేదెవరు? భార్య వజ్రమ్మ విసిగిపోయి, పంజాగుట్ట అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని మాట్లాడి వచ్చింది.

"సోమారం చేరకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరట. ఇగ నీ ఇష్టం" అంది.

ఆ వారమే దసరా. పై అంతస్తు కోచింగ్ సెంటర్‌లో ఆయుధపూజ ఘనంగా చేశారు. దుమ్ము దులపడానికి కంప్యూటర్ డబ్బాల మూతలు విప్పి, అలాగే వరసగా పెట్టి, కొబ్బరికాయలు కొట్టి ఆ నీళ్లు భక్తిగా చల్లారు. మర్నాడు పదిహేనింటిలో ఒక్కటీ వెలగలేదు. వైరస్ అన్నారు మాస్టార్లు. వైరసట, వాళ్ల మొహం! యజమాని హనుమత్ప్రసాద్ గారు తుక్కువాడికి కబురు పెట్టారు.

ట్రాలీ వచ్చేసరికి రాజనర్సయ్య మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, గివి చావలే. కొబ్బరినీళ్లు ఎండి జిగురు పట్టింది. కడిగితే లేస్తయి."

"కడుగుతావా? ఏంటయ్యా, బట్టలనుకున్నావా?"

"ఆదివారం దాక టైమియ్యుండ్రి. లేవకుంటే నేనే మోసి ట్రాలీల ఎక్కిస్త. కొట్టు సుత మూసేస్త."

నోరు జారిందని తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

స్పిరిట్, పెయింటు కుంచె తెచ్చుకుని కూర్చున్నాడు. డబ్బాల్లో కుంకుమ ఇరుక్కున్న చిన్న ఫ్యాన్లు విప్పాడు, లోపలి బోర్డులు కడిగి డాబా మీద ఎండబెట్టాడు. "వడియాలు పెట్టే మొగుణ్ని నేనొక్కదాన్నే చూసిన" అని దెప్పింది వజ్రమ్మ. దెప్పుతూనే సాయంత్రం దాకా కాకుల్ని తోలింది.

ఆదివారం మొదటిది లేవలేదు. రెండోదీ అంతే. రాజనర్సయ్యకు భయం వేసింది, నిజంగానే వేసింది. మూడోది బీప్ మంది. చీకటి పడేలోగా దానితో కలిపి మొత్తం పన్నెండు లేచాయి.

"భేషయ్యా! మిగతా మూడూ తుక్కులో వేసేద్దాం" అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

"వద్దు సార్. వాటి ఫ్యాన్లు, మెమరీలు మంచిగున్నయి. రేపు గీ పన్నెండిట్ల ఏది పోయినా అండ్లకెల్లి తీసి వేస్త. ఇగ మీ దగ్గర ఏది పాడైనా ముందు నాకు చూపించుండ్రి."

ఆయన సరేనన్నారు. సంగతి తెలిసి ఎదురు మేడ కోచింగ్ సెంటర్ వాళ్లు కూడా అటకెక్కించిన ఆరు డబ్బాలు దింపి పంపించారు.

సోమవారం పొద్దున్నే వజ్రమ్మ పంజాగుట్ట పోయింది. "మా ఆయనకు తీరిక లేదు, వేరేటోళ్లను చూసుకోండ్రి" అని తనే చెప్పి వచ్చింది.